వెనక గది

మా విజయనగరంలో ఒక స్కూలు హెడ్మిస్ట్రెస్‌గారు మొన్న వేసవిలో మా ఇంటికొచ్చారు. విదేశం నుంచి ఒకమ్మాయి ఏడాదిపాటు చదువుకోడానికి వస్తోందిట. డబ్బేమీ ఇవ్వరు, ఇంట్లో పిల్లలా చూసుకోవాలి. "మీకు నలుగురూ తెలుసు, నాతో రండమ్మా" అన్నారు.

చెప్పొద్దూ, రెండు వీధులు తిరిగేసరికి నాలుగిళ్లు సిద్ధం! ఒకావిడ ఏసీ పెట్టిస్తానంది. నేనూ ఊరుకోలేదు, ఒక్కరోజులో వెనక గది ఖాళీ చేసి సున్నం వేయించాను.

మన ఊరికిది కొత్తా? 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టారు. తర్వాత అక్కడ చదివిన ఘంటసాలగారు వారాలు చేసుకునే కదా పాట నేర్చుకున్నారు! అన్నం పెట్టిన ఆ తల్లుల పేర్లు మనలో ఎందరికి తెలుసు?

ఇదంతా గొప్పగా చెబుతోంటే అత్తగారు వక్క నములుతూ, "మరి ఆ సీతంపేట పిల్లకి గది లేదన్నావే?" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. రెండేళ్ల కిందట ఒక సవర పిల్ల ఇంటర్ చదువుకి కొండ దిగి వచ్చింది. హాస్టల్లో సీటు దొరకలేదు. "అద్దిస్తామమ్మా" అని తండ్రి గుమ్మంలో నిలబడి అడిగాడు. సామానుందన్నాను. అబద్ధం కాదు, పాత నవారు మంచం, పగిలిన కుంపటి ఉన్నాయి.

విదేశీ పిల్ల తప్పేముంది పాపం? తనకీ అమ్మ మీద బెంగ ఉండదూ? కానీ సముద్రం దాటి వచ్చినవాళ్లకి తలుపు తీస్తే నలుగురూ చెప్పుకుంటారు. కొండ దిగి వచ్చినవాళ్లకి తీస్తే ఎవరు చెప్పుకుంటారు? ఆ లెక్క చూసుకుని పెట్టే అన్నం ఎవరికి పెట్టినట్టు?

చివరికి ఆ అమ్మాయి ఏసీ ఇంటికే వెళ్లింది. గది సున్నం వాసనతో ఖాళీగా ఉంది. కబురు చేద్దామంటే, ఆ తండ్రి పేరైనా ఆరోజు నేను అడగలేదు.