బడికెళ్ళే పిల్ల ఎవరి లెక్కలోది?

పోయిన జూన్‌లో మా పాప యూకేజీలో చేరింది. చేరిన వారంలోనే నేనొక పని చేశాను. దాన్ని ఇక్కడ రాయాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించాను. పాపను చూసుకునే అప్పతో, వచ్చే నెల నుంచి డబ్బు తగ్గిస్తానని చెప్పాను.

మాది అనకాపల్లి, గవరపాలెం వైపు. ఉద్యోగం కోసం నేను రోజూ రైల్లో విశాఖపట్నం వెళ్ళి వస్తాను. ఉదయం ఎనిమిదికి పాపను అప్ప ఇంట్లో దిగబెడితే మళ్ళీ తెచ్చుకునేది సాయంత్రం ఆరున్నరకి. నెలకి నాలుగు వేలు. ఇప్పుడు బడి తొమ్మిది నుంచి మూడు దాకా. పదిన్నర గంటల్లో ఆరు పోతే మిగిలేది నాలుగున్నర. అందుకని రెండు వేలు. ఈ లెక్కని కాగితం మీద వేసి మరీ ఆవిడకి చూపించాను. తెలుగు కథల్లో ఇంటిచాకిరీ మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్న మనిషిని. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథ మీద, ఇల్లు అలుకుతూ తన పేరే మర్చిపోయిన ఆ గృహిణి మీద, ఒక అధ్యాయమే రాశాను. మా పాపను మూడేళ్ళుగా సాకుతున్న మనిషి పేరు మాత్రం, 'పిల్లను తీసుకెళ్ళడానికి ఎవరొస్తారు' అన్న గడి బడివాళ్ళు నింపమన్నప్పుడు గానీ నేను అడగలేదు.

"మీ ఇష్టమమ్మా" అంది అప్ప. బేరమాడలేదు. పదిరోజులు తిరక్కుండా ఇంకో బిడ్డను ఒప్పుకుంది. ఎనిమిది నెలల పిల్ల. వాళ్ళమ్మ అచ్యుతాపురం సెజ్‌లో బట్టలు కుట్టే కంపెనీలో పనిచేస్తుంది. తెల్లారకుండానే బస్సు ఎక్కాలి.

అప్పటికి ఆవిడ దగ్గర మా పాప కాక ఇద్దరున్నారు. మూడేళ్ళ బాబు, రెండేళ్ళ పాప. ఒకరు బడికి పోయారు, ఒకరు వచ్చారు, మొత్తం మళ్ళీ ముగ్గురే కదా అనుకున్నాను. నిజం చెప్పాలంటే అసలు అనుకోనేలేదు.

జూలైలో ఒకరోజు వాన పట్టుకుంది. బడి మధ్యాహ్నమే వదిలేశారు. ఆ రోజు నేనూ కాస్త ముందే వచ్చాను. వెళ్ళేసరికి అప్ప చంకలో చంటిపిల్ల, కొంగు పట్టుకుని రెండేళ్ళది, గడపలో తడిసిన యూనిఫాంతో మా పాప, పక్కనే పొరుగింటి రెండో తరగతి పిల్లాడు. వాడు ఎవరి లెక్కలోనూ లేడు. తాళం వేసిన ఇంటి ముందు నిలబడితే ఆవిడే పిలిచిందట. మా పాపకి తల తుడవలేదు. పొద్దున కట్టిచ్చిన క్యారేజీ విప్పకుండా అలాగే ఉంది. నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీద రావాలో తెలుసుకునేలోపే నోరు జారాను.

"ఇద్దరికి రెండు చేతులున్నాయమ్మా. మూడో చెయ్యి ఎక్కడ తెమ్మంటావు?" అంది అప్ప. మూడేళ్ళలో మొదటిసారి నన్ను 'నువ్వు' అంది.

తర్వాత నెమ్మదిగా చెప్పుకొచ్చింది. పాప బడికెళ్ళినా మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్ళేది తనే. మూడింటికి గేటు కాడ ఉండాల్సిందీ తనే. మధ్యలో ఒళ్ళు వెచ్చబడిందని ఫోనొస్తే పరిగెత్తాల్సిందీ తనే. ఆ ఆరు గంటల్లో ఆవిడ ఊరికి పోలేదు, పెళ్ళికి పోలేదు, నూకాలమ్మ జాతరకైనా గంట చూసుకునే పోవాలి. నేను కాగితం మీద కొట్టేసిన ఆరు గంటలూ ఆవిడ రోజులోంచి ఎక్కడికీ పోలేదు. వాటి పేరు మారి ఎదురుచూపు అయింది, అంతే. ఎదురుచూపుకి జీతం ఇవ్వాలన్న ఆలోచన మనకి లేదు. కాపలావాడి విషయంలో మాత్రం ఉంది. దొంగ రాని రాత్రికి వాచ్‌మన్ జీతం ఎవరూ కోయరు.

ఇంగ్లండులో ఉన్న నా పాత హాస్టల్ స్నేహితురాలు ఒకామె అక్కడ ఇంట్లో పిల్లల్ని చూసుకునే పనికి రిజిస్టరు చేయించుకుంది. ఈ గొడవంతా చెప్తే నవ్వి, తమకి దీనికి చట్టమే ఉందంది. ఒక్క మనిషి ఎనిమిదేళ్ళలోపు పిల్లల్ని ఆరుగురి దాకా చూసుకోవచ్చు. అందులో తన సొంత పిల్లలూ లెక్కే. ఆ ఆరుగురిలో 'చిన్నపిల్లలు' ముగ్గురికి మించకూడదు, ఏడాది నిండనివాళ్ళు మామూలుగా ఒక్కరే. అయిదో పుట్టినరోజు తర్వాత వచ్చే సెప్టెంబరు ఒకటి దాకా పిల్ల చిన్నపిల్లే. అయితే ఒక మినహాయింపు ఉంది. నాలుగైదేళ్ళ పిల్ల రోజంతా బడికెళ్ళి, బడికి ముందూ వెనకా, సెలవుల్లోనూ మాత్రమే వస్తుంటే, ఆమెను ఆ ముగ్గురితో పాటు అదనంగా చూసుకోవచ్చు, మొత్తం ఆరు దాటనంత వరకు.

ఆ మినహాయింపు దగ్గర నేను ఆగిపోయాను. నేను కాగితం మీద వేసిన లెక్కకి అది దగ్గరి చుట్టం. నాలుగున్నరేళ్ళ పిల్ల పొద్దున 'చిన్నది'. బడికి పోయి వచ్చిన సాయంత్రానికి 'పెద్దది'. ఏ తల్లినడిగినా దీనికి తలకిందులుగా చెప్తుంది. బడినుంచి వచ్చిన పిల్ల పొద్దుటికన్నా చిన్నదైపోతుంది. అలిసిపోతుంది, ఆకలితో ఏడుస్తుంది, అన్నం తినిపించమంటుంది. బడి ఆ పిల్ల బరువును కొంత దించిందని చట్టం అనుకుంటోంది. దించిందా, దాచిందా?

అయినా ఆ చట్టాన్ని వెక్కిరించను. ఒక మనిషికి ఇంతమందే అని అది గీత గీసింది. ఆ సంఖ్య పైకి పిల్లల్ని లెక్కపెడుతున్నట్టు కనిపిస్తుంది గానీ, అది కొలిచేది ఒక స్త్రీ చేతుల్నీ, కళ్ళనీ. ఒక్కొక్క పిల్ల అవసరమూ తీర్చగలనని చూపించే బాధ్యతను కూడా అది ఆవిడ మీదే పెట్టింది. మా అప్పకి ఏ గీతా లేదు. అవసరమే గీత. మూడు, నాలుగు, వానొస్తే అయిదు.

మన చట్టాలు లెక్కపెట్టలేదని కాదు. అవి ముందు తల్లుల్ని లెక్కపెట్టాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం ముప్ఫైమంది కన్నా ఎక్కువ ఆడవాళ్ళు పనిచేసే చోట ఆరేళ్ళలోపు పిల్లలకి శిశుసంరక్షణ గది ఉండాలంది. 2017 ప్రసూతి ప్రయోజనాల సవరణ యాభైమంది ఉద్యోగులున్న సంస్థల్లో క్రెష్ తప్పనిసరి చేసింది. 2005 ఉపాధి హామీ చట్టం ఒక్కటే నాకు ఈ విషయంలో మనసుకి దగ్గరగా వచ్చింది. పని జరిగే చోటికి ఆరేళ్ళలోపు పిల్లలు అయిదుగురూ ఆపైన వస్తే, ఆ కూలీల్లోనే ఒక స్త్రీని వాళ్ళని చూసుకోవడానికి పెట్టి, ఆమెకీ కూలి ఇవ్వాలంది. పిల్లల్ని పట్టుకోవడం, మట్టి తవ్వడం ఒకే ధర పలికిన చోటు అది. ఎన్ని పనిచోట్ల అది అమలయింది అన్నది వేరే సంగతి. కాగితం మీదైనా ఆ మాట రాశారు.

ఫ్యాక్టరీల చట్టంలోనూ ఉపాధి హామీ చట్టంలోనూ రాసిన హద్దు ఆరేళ్ళే. బడి మాత్రం ఆరేళ్ళ కోసం ఆగదు. మా వీధిలో కూలి చేసుకునేవాళ్ళు కూడా నాలుగో ఏటికే ప్రైవేటు ఎల్కేజీలో వేస్తున్నారు. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన ఐసీడీఎస్ ఈ పిల్లల కోసమే పుట్టింది. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం ఆరేళ్ళలోపు పిల్లకి భోజనం అంగన్‌వాడీలో, ఆరు నుంచి పద్నాలుగు దాకా సర్కారీ, ఎయిడెడ్ బడుల్లో. నాలుగేళ్ళకే ప్రైవేటు బడి మెట్లెక్కిన పిల్ల ఈ రెండు కంచాలకీ మధ్యలో పడుతుంది. అంగన్‌వాడీ పుస్తకంలోంచి పేరు పోతుంది, గుడ్డూ పాలూ పోతాయి. సాయంత్రం తల్లి వచ్చేదాకా ఆ పిల్ల అప్పలాంటి వాళ్ళ గడపలో కూర్చుంటుంది.

2023 డిసెంబరు 12 నుంచి రాష్ట్రంలో అంగన్‌వాడీ కార్యకర్తలూ సహాయకులూ 42 రోజులు సమ్మె చేశారు. కార్యకర్తకి 11,500, సహాయకురాలికి 7,000. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. జనవరిలో వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించారు. అత్యవసర సేవ అని ఆ చట్టం ఒప్పుకుంది, ఉద్యోగం అని మాత్రం ఒప్పుకోలేదు. ఆ 42 రోజులూ మూడేళ్ళలోపు, పైన అని చూడకుండా పిల్లలు వీధిలో చేతికందిన ఆడమనిషి దగ్గరికే చేరారు. అప్ప ఆ రోజుల్లో ఎంతమందిని చూసుకుందో ఆవిడకే గుర్తులేదు.

ఈవా ఫెడర్ కిట్టే అనే తత్వవేత్త 1999లో 'లవ్స్ లేబర్' అనే పుస్తకం రాసింది. బాలింత బిడ్డను చూసుకోగలగాలంటే బాలింతని ఇంకొకరు చూసుకోవాలి. ఆ సంబంధాన్నే సమాజమంతటికీ న్యాయసూత్రంగా ఎందుకు తీసుకోకూడదని ఆమె ప్రశ్న. ఇది మనకి కొత్తేం కాదు, పథ్యం వండిపెట్టే పుట్టిల్లు మన దగ్గరుంది. కానీ ఆ వరసలో ఒక్క మెట్టు కిందికి దిగి చూస్తే నాకు ఇబ్బందిగా ఉంది. నేను విశాఖపట్నంలో స్త్రీల శ్రమ గురించి సెమినార్ పేపర్ చదవగలిగేది అప్ప ఇక్కడ ఉండబట్టి. అప్పని చూసేదెవరు? మోకాళ్ళ నొప్పులకి డాక్టరు దగ్గరికి పోవడానికి ఆవిడ ఆదివారం దాకా ఆగుతుంది. ఆదివారం డాక్టరు ఉండడు.

'ఎంతమంది పిల్లలు' అని అడగడంలోనే పొరపాటుంది అనిపిస్తోంది. అడగాల్సింది 'ఎన్ని చోట్లు పట్టి ఉంచాలి' అని. బడిలో ఉన్న పిల్లకీ అప్ప ఒళ్ళో చోటు పట్టి ఉంది. ఆ చోటుకి డబ్బివ్వడం నేను మానేస్తే, ఆవిడ దాన్ని ఇంకొకరికి ఇచ్చింది. తప్పేముంది? రైల్లో సీటు రిజర్వు చేసుకుని మధ్య స్టేషన్లో ఎక్కినా మనం టికెట్ మొత్తానికీ కడతాం.

ఆగస్టు నుంచి మళ్ళీ నాలుగు వేలూ ఇస్తున్నాను. దీంతో సరిపోతుందనుకున్నాను. చంటిపిల్లను మాన్పించేస్తుందని కూడా మనసులో ఎక్కడో అనుకున్నాను, ఒప్పుకుంటున్నాను. అప్ప డబ్బు కళ్ళకద్దుకుని పెట్టెలో పెట్టింది.

"మరి ఆ పిల్ల?" అన్నాను.

"దాని తల్లి ఎక్కడికి పోద్దమ్మా? పన్లోకెళ్ళొద్దా?"

ఇప్పుడు నలుగురు. మూడేళ్ళ బాబుకి నాలుగు నిండాయి, వచ్చే జూన్‌లో ఎల్కేజీలో వేస్తారట. వాళ్ళమ్మ మొన్న గేటు దగ్గర నన్ను ఆపి అడిగింది, బడిలో చేరాక మీరు ఎంత తగ్గించారు అని.