బుట్టలో పడిన బంతి ఎవరిది?

కర్మ చెయ్యి, ఫలం మీద ఆశ పెట్టుకోకు అన్న మాట గుడిలో చెబితే అందరూ తల ఊపుతారు. అదే మాట మెడలో ఈల వేసుకుని ఆటస్థలంలో పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు చెప్పాలంటే నోరు రాదు. బంతి చేతికిచ్చి బుట్టలో వెయ్యమనేది మనమే, ఎక్కువ వేసిన జట్టుదే గెలుపని నేర్పేదీ మనమే. మళ్లీ గెలుపు సంగతి మనసులో పెట్టుకోకండమ్మా అని కూడా మనమే చెప్పాలి. దివిసీమలో జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీగా పనిచేసినన్నాళ్లూ నేను ఈ రెండు మాటల మధ్యే నలిగాను. రిటైరై గుడివాడలో ఉంటున్న ఈ రోజుల్లో, గీతాజయంతి ప్రసంగాలకు వెళ్లినా నా మనసు కురుక్షేత్రం మీద నిలవదు. సున్నంతో గీతలు గీసుకున్న ఆ మట్టి కోర్టు మీదికే పోతుంది. అక్కడి ఇనప రింగు ఊళ్లో వెల్డింగు షాపులో చేయించింది. దానికి వల ఉండేది కాదు. వల లేకపోతే బంతి లోపల్నించి పోయిందో పక్కనించి పోయిందో దూరాన ఉన్నవాళ్లకు తెలియదు. వెయ్యని పాయింటుకి పిల్లలు వాదులాడుకునేవారు, వేసిన పాయింటు ఒక్కోసారి దక్కేది కాదు.

బుట్టలో పడిన బంతి ఎవరిదన్న ప్రశ్నను సరిగ్గా ఎలా అడగాలో నాకు తెలిసింది ఎల్జిన్ బేలర్ అనే అమెరికన్ బాస్కెట్‌బాల్ ఆటగాడి జీవితం చదివాక. ఆయన ఆడిన రోజుల్లో మా ప్రాంతంలో టీవీయే లేదు. చాలా ఏళ్ల తర్వాత మా అబ్బాయి ఫోన్లో ఆ పాత నలుపు తెలుపు ఆటలు చూపించాడు. నేను పిల్లలకు లేఅప్ నేర్పేటప్పుడు చెప్పే రెండడుగులూ ఆయన వేస్తాడు, లేస్తాడు. ఆపడానికి వచ్చినవాడూ ఆయనతోపాటే లేస్తాడు. వాడు కిందికి దిగుతాడు, ఈయన ఇంకా పైనే ఉంటాడు. ఆ కాస్త వ్యవధిలో బంతిని ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకుని, బోర్డుకు మెల్లగా తాకించి, బుట్టలో వదిలి అప్పుడు నేల మీదికి వస్తాడు. ఆ ఒక్క ముక్కను నేను మళ్లీ మళ్లీ వేయించుకుని చూశాను.

బేలర్ 1934లో వాషింగ్టన్‌లో పుట్టాడు. నల్లవాళ్ల పిల్లల్ని ఇంటి దగ్గరి పార్కులో అడుగుపెట్టనివ్వని కాలం కాబట్టి ఆ బంతి ఆయన చేతికి రావడమే ఆలస్యమైంది. 1958లో జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మినియాపొలిస్ లేకర్స్ జట్టు అందరికంటే ముందు ఆయన్నే ఎంచుకుంది. 1960లో జట్టు లాస్ ఏంజెలిస్ తరలిపోయింది. ఫార్వర్డ్‌గా ఆడేవాడు. 1960 నవంబరు 15న న్యూయార్క్ జట్టు మీద ఒక్కడే 71 పాయింట్లు వేశాడు. 1961-62లో సైన్యం రిజర్వు విధుల్లో ఉండి, సెలవు దొరికిన వారాంతాల్లో వచ్చి ఆడుతూ, 48 మ్యాచ్‌ల్లో సగటున 38 పైచిలుకు పాయింట్లు సాధించాడు. అదే ఏడు ఫైనల్స్ అయిదో మ్యాచ్‌లో, బోస్టన్‌లో, 61 వేశాడు. ఫైనల్స్‌లో ఒకే మ్యాచ్‌లో అన్ని పాయింట్లు ఇప్పటికీ ఇంకెవరూ వెయ్యలేదు.

ఇంతటివాడు ఎనిమిదిసార్లు ఫైనల్స్‌కు చేరి ఎనిమిదిసార్లూ ఓడాడు. ఏడుసార్లు బోస్టన్ సెల్టిక్స్ చేతిలో, 1970లో న్యూయార్క్ చేతిలో. 1971లో కొత్త సీజన్‌లో తొమ్మిది మ్యాచ్‌లు ఆడాక, తన స్థాయికి తగ్గట్టు ఆడలేనని తేల్చుకుని నవంబరు మొదట్లోనే విరమించాడు. ఆయన లేకుండా లేకర్స్ ఆడిన మొదటి మ్యాచ్ నవంబరు 5న. గెలిచారు. ఆ తర్వాతిదీ గెలిచారు. జనవరి 9న మిల్వాకీ చేతిలో ఓడేదాకా వరసగా 33 గెలిచారు, 1972లో ఛాంపియన్లయ్యారు.

ఈ సంగతి విన్నవాళ్లు రెండు రకాలుగా మాట్లాడతారు. ఆయనే జట్టుకు అడ్డంగా ఉన్నాడు, తప్పుకోగానే దారి తెరుచుకుంది అని కొందరు. పాపం, రాత అలా ఉంది అని కొందరు. మొదటి మాటలో ఫలాన్ని బట్టి మనిషిని కొలుస్తున్నాం. రెండో మాటలో ఆలోచించే పనే మానేస్తున్నాం. నాకు రెండూ మింగుడు పడలేదు.

గీతలో రెండో అధ్యాయం మాట అందరికీ నోటికొచ్చు. నాకు దారి చూపింది మాత్రం 18వ అధ్యాయంలో 14వ శ్లోకం. ఏ పని జరగాలన్నా అయిదు కారణాలు కలవాలని భగవానుడు అక్కడ చెబుతాడు: అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, అయిదోది దైవం. ఆ వెంటనే, తనొక్కడే కర్తననుకునేవాడు సరిగ్గా చూడనివాడని కూడా అంటాడు. ప్రసంగాల్లో దీన్ని త్వరగా దాటేస్తారు. ఆట నేర్పినదాన్ని కాబట్టి నేను దాటలేకపోయాను. బంతి బుట్టలో పడడాన్ని ఇంత కచ్చితంగా విప్పి చెప్పిన మాట నాకు ఇంకెక్కడా కనిపించలేదు.

అధిష్ఠానమంటే శరీరమని శంకరులు అన్నారు. మా కృష్ణా జిల్లాలో శరీరబలం అనగానే గండిగుంటలో పుట్టిన దండమూడి రాజగోపాలరావుగారు గుర్తొస్తారు. 1951లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడల్లో బరువులెత్తి కాంస్యం తెచ్చారు, 1963లో వచ్చిన నర్తనశాలలో భీముడయ్యారు. విజయవాడ ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే ఉంది. ఆ సినిమా కథలో భీముడు ఏడాదిపాటు విరటుడి వంటశాలలో వలలుడిగా బలం దాచుకుని బతకాలి. అంత బలమున్నా దాన్ని వాడుకునే సమయం తన చేతిలో లేదు. బేలర్‌కి 1965 ఏప్రిల్‌లో మోకాలిచిప్ప పైభాగం విరిగింది. ఆ మోకాలితోనే ఇంకా ఆరేళ్లు ఆడాడు. మనసు అదే, అభ్యాసం అదే, అధిష్ఠానం మాత్రం ముక్కలైంది.

కరణాలంటే ఇంద్రియాలు. తోటి ఆటగాళ్లను కూడా నేను ఇందులోనే కలుపుకుంటాను, శాస్త్రం తెలిసినవాళ్లు ఒప్పుకోకపోయినా. మన చెయ్యి చేరని చోటికి చేరే చేతులు వాళ్లవే కదా. 1962 ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో స్కోరు 100-100. చివరి క్షణాల్లో బేలర్ జట్టువాడు ఫ్రాంక్ సెల్వీ వేసిన బంతి రింగుకు తగిలి బయటికి పోయింది. అదనపు సమయంలో బోస్టన్ 110-107తో గెలిచింది. ఆ రోజు బేలర్ వేసినవి 41. 1969 ఏడో మ్యాచ్‌లో బోస్టన్ ఆటగాడు డాన్ నెల్సన్ వేసిన బంతి రింగు వెనక తగిలి, నిటారుగా పైకెగిరి, తిరిగి బుట్టలోనే పడింది. లేకర్స్ ఓడింది రెండే పాయింట్ల తేడాతో. ఒక బంతి రింగుకు తగిలి బయటికి పోయింది, ఇంకో బంతి రింగుకే తగిలి లోపలికి వచ్చింది. దైవమంటే కంటికి సూర్యుడిలా ఇంద్రియాలకు తోడయ్యే దేవతలని శంకరులు చెప్పారు, లోపలుండి నడిపే పరమాత్మ అని రామానుజులు చెప్పారు. ఏ అర్థం తీసుకున్నా, ఆ రెండు బంతుల్లో అయిదో వాటా ఆటగాళ్లెవరిదీ కాదు.

మా ఘంటసాలలో ప్రాచీన బౌద్ధ స్తూపం ఉంది. బౌద్ధులైతే ఇంకో అడుగు ముందుకేసి, కర్త అనే స్థిరమైనవాడే లేడంటారు. వాళ్ల తర్కం ముందు నేను తలవంచుతాను. కానీ ఓడిపోయి ఏడుస్తున్న పిల్ల పక్కన కూర్చున్నప్పుడు, ఆ ఏడ్చేదెవరో నాకు స్పష్టంగానే తెలుస్తుంది. గీత ఆ పిల్లను తీసెయ్యదు. అయిదుగురిలో ఒకతెగా నిలబెడుతుంది. నాకు కావలసిన కొలత అదే. పని పూర్తిగా నీదే అంటే గెలిచినవాడికి పొగరు, ఓడినవాడికి సిగ్గు. నీదేం లేదంటే పొద్దున్నే లేచి పరుగెత్తడం ఎందుకు? నీ వాటా ఒకటుంది, ఆ వాటాలో లోపం రాకూడదు, మొత్తం లెక్క మాత్రం నీ పేరున రాసుకోకూడదు. పిల్లలకు చివరికి ఇదే చెప్పగలిగాను.

ఇక్కడే ఒక మాట మీద నాకు తీరని కోపం ఉంది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నేను బందరులో చదువుకుంటున్నాను. మా మేనత్తది నాగాయలంక వైపు ఊరు. చేలో వరి కోతకు వస్తున్న రోజులు. ఒక్క రాత్రిలో దివిసీమలో, ఆ చుట్టుపక్కల సుమారు పది వేలమంది పోయారు. మేనత్త ఇంట్లో మిగిలినవాళ్లను పలకరించడానికి వెళ్లాక, ఆ తర్వాతెప్పుడో ఒక ప్రసంగంలో, వాళ్ల పూర్వకర్మ అలా ఫలించింది అన్న మాట విన్నాను. చెప్పినాయన పెద్ద పండితుడే. ఊయలలో పిల్లను కెరటం తీసుకుపోతే ఆ పిల్ల ఏ జన్మలోనో చేసినదానికి లెక్క సరిపోయిందని చెప్పడం భక్తి అవుతుందా? ఫలం నుంచి వెనక్కి నడిచి మనిషి యోగ్యతను తేల్చకూడదని గెలుపు విషయంలో ఒప్పుకున్నాక, చావు విషయంలో మాత్రం ఎలా తేలుస్తాం? బేలర్ ఎనిమిది ఓటములు ఆయన తక్కువతనానికి రుజువు కాకపోతే, ఆ ఊళ్లు కొట్టుకుపోవడం కూడా ఎవరి పాపానికీ రుజువు కాదు. ఇందులో నేను రాజీపడలేను.

ఫలం వదిలెయ్యమన్నారు కదా అని అన్యాయాన్ని కూడా మింగమంటారేమో అని ఒకప్పుడు నాకు భయం ఉండేది. దానికి జవాబు బేలర్ మొదటి సీజన్‌లోనే దొరికింది. 1959 జనవరిలో వెస్ట్ వర్జీనియాలోని చార్ల్‌స్టన్‌లో మ్యాచ్. అక్కడి హోటల్ జట్టులోని నల్లవాళ్లకు గది ఇవ్వనంది. జట్టంతా నల్లవాళ్లు నడిపే బసకు మారింది. బేలర్ మాత్రం ఆ రాత్రి ఆడనన్నాడు. తోటివాడు వచ్చి బతిమాలితే, తాను మనిషినని, బోనులోంచి తీసుకొచ్చి ఆడించి మళ్లీ బోనులో పెట్టే జంతువును కానని అర్థం వచ్చేలా చెప్పాడు. ఆడకుండా కూర్చున్నాడు, జట్టు ఓడింది. నాలుగో అధ్యాయంలో అకర్మలో కర్మను చూడమన్న మాట ఎన్ని వ్యాఖ్యానాలు విన్నా నాకు పట్టుబడలేదు. బెంచీ మీద ఊరికే కూర్చున్న ఆ మనిషిని తలుచుకోగానే పట్టుబడింది. ఆ రాత్రి ఆయన చేసిన అతి పెద్ద పని అదే.

మరి 1971లో విరమించడం? శరీరక్లేశానికి భయపడి పని వదిలితే అది రాజస త్యాగమని, దాని ఫలితం దక్కదని 18వ అధ్యాయంలోనే ఉంది. బేలర్ చేసింది అదేనా అని చాలా రోజులు ఆలోచించాను. నొప్పికి భయపడేవాడైతే 1965లోనే ఆగిపోయేవాడు. ఆయన స్థానంలోకి వచ్చిన జిమ్ మెక్‌మిలియన్ వయసు అప్పటికి 23. తన చోటు ఆ కుర్రాడికి వదిలిన మనిషి నిన్నటి పేరుని కూడా అక్కడే వదిలేశాడు. మా డెల్టాలో వరి కొయ్యకముందే చేలో మినుములు చల్లుతారు. వరి ఇంటికెళ్లాక, ఆ నేలలో మిగిలిన తడితోనే మినుము పైకి లేస్తుంది. ఆ 33 గెలుపుల కింద ఉన్న తడిలో పదమూడేళ్లకు పైగా బేలర్ ఆడిన ఆట ఉందని నా నమ్మకం. లెక్కల పుస్తకంలో దానికి గడి లేదు.

ఆ జట్టు చేసిన ఒక మంచి పని కూడా చెప్పాలి. సీజన్ మొదట్లోనే తప్పుకున్నా, 1972 ఛాంపియన్‌షిప్ ఉంగరం బేలర్‌కి కూడా ఇచ్చారు. ఫలం తమ ఒక్కరిదే కాదని గెలిచినవాళ్లు ఒప్పుకున్నారన్నమాట. గీతను ఓడినవాళ్లకు ఓదార్పుగా చెప్పడం మనకు అలవాటైపోయింది. గెలిచినవాళ్లకు, ఫలం చేతిలో ఉన్నవాళ్లకు చెప్పడం తక్కువ.

కోడూరు వైపు మా అత్తగారి తరఫు కొద్దిపాటి పొలం ఉంది, కౌలుకిచ్చాం. నేను ఇవన్నీ మాట్లాడుతుంటే ఆ రైతు ఒకసారి మెల్లగా అన్నాడు: "ఫలం నాది కాదంటే బాగానే ఉంది టీచరుగారూ, మరి మక్తా బస్తాలు నేనే కొలవాలి కదా." ఆ మాటకు నా దగ్గర శ్లోకం లేదు. పంటకు అయిదు కారణాలుంటే నష్టానికీ అయిదే ఉంటాయి. వాన, కాలవ చివరికి రాని నీళ్లు, గాలి, వీటన్నిటి భారమూ కర్త ఒక్కడి నెత్తిన పెట్టి, భూమి గలవాళ్లు మాత్రం ముందు మాట్లాడుకున్న బస్తాలు నిండుగా తీసుకోవడం ఏ అధ్యాయానికీ సరిపోదు. మొన్న కోతల ముందు వానకు చేను పడిపోయి నీళ్లలో నానింది. ఈ ఏడు మక్తా సగానికి తగ్గిద్దామని ఇంట్లో అన్నాను. మా బావగారు ఒప్పుకోలేదు, ఇవాళ తగ్గిస్తే రేపు అందరూ అడుగుతారన్నారు. అడగాలనే నేనూ అంటున్నాను. సంక్రాంతికి అందరం ఊళ్లో కలుస్తాం, అప్పుడు ఈ లెక్క మళ్లీ తీస్తాను.