మర్ఫా మ్రోత

1578లో మూసీపై కుతుబ్‌షాహీల కాలమున వెలసిన పురానాపూల్ మీదుగా పెండ్లి ఊరేగింపు సాగుచుండ, మెడకు వ్రేలాడు నగారాపై రెండు సన్నని బెత్తములు వడివడిగా ఆడగా పుట్టెడి మర్ఫా మ్రోతకు, త్రోవప్రక్క చాయ్ దుకాణమువాడు సైతము కాలు కదపక మానడు. వనపర్తి సంస్థానము నుండి నిజాము కొలువు చేరిన ఆఫ్రికన్ అశ్వదళపు వారసులైన సిద్దీలును, యెమెన్ అరబ్బులును ఆ వాద్యమును మన హైదరాబాదు నగరమునకు అలవరచిరి. నిజాము రాజ్యముతోపాటు దళమును పోయినది, ఏ.సీ. గార్డ్స్ అను బస్తీ పేరు మిగిలినది. అందలి 'ఏ' ఆఫ్రికా యని ఎందరెఱుగుదురు! ఆ చరిత్రను తాతల చెంత కూర్చుండి సేకరించి, సభలలో వాద్యసహితముగా వినిపించువారే నా దృష్టిలో నిజమైన పరిశోధకులు. ఈసారి ఊరేగింపు ఎదురైనచో, వాయించువారిని ఏ దేశమువారని గాక, ఎవరివద్ద నేర్చితిరని అడిగి చూడుడు.