“నువ్వు పోయిరా” అన్న మాటకు అర్థమేమి?



కలిసి బయలుదేరిన ఇద్దరిలో ఒకరు అలసిపోయి, “నువ్వు పోయిరా, నేనిక్కడే కూర్చుంటాను” అన్నప్పుడు రెండవవాడు ఏమి చేయాలి? అనుమతి దొరికింది గనుక వెళ్ళడంలో తప్పేమీ లేదని చాలామంది అంటారు. నేనూ అలాగే అనుకొనేవాణ్ణి. 2022 అక్టోబరులో ఒక కొండమీద జరిగిన సంగతి నా ఆలోచన మార్చింది. అది మీతో పంచుకోవడానికే ఈ నాలుగు మాటలు.

నేనూ నా స్నేహితుడూ కోలారు బంగారు గనుల ఊరిలో పుట్టి పెరిగాము. మా తాతలు పని వెదుక్కుంటూ చిత్తూరు జిల్లా పల్లెల నుండి అక్కడికి వచ్చినవారు. ఒకే వరుస ఇండ్లలో, ఒకే బడిలో పెరిగిన మేము చదువు ముగిశాక విడిపోయాము. నేను బెంగళూరులో గుమాస్తానయ్యాను. అతడు తండ్రి వెంట ఛాంపియన్ రీఫ్ గనిలోకి దిగాడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అప్పటినుండి మా ఊరివారు ఎంతోమందిలాగే అతడూ తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు వచ్చి, కాపలా పని చేసి, రాత్రికి ఇల్లు చేరేవాడు. గనిలో రాయిని తొలిచేటప్పుడు లేచే సన్నని ధూళి ఊపిరితిత్తులలో దిగి గట్టి మచ్చలు కడుతుంది. సిలికోసిస్ అంటారు. ఆ మచ్చలు మానేవి కావు. నా స్నేహితుని ఛాతీలో ఉన్నది అదే.

ఆ యేడు చిక్కమగళూరు కొండలలో నీలకురింజి పూసిందని పత్రికలో చూసి, ఫోను చేసినవాడు అతడే. అది 12 ఏండ్లకు ఒకసారి పూచే పువ్వు. “ఇప్పుడు చూడకపోతే మళ్ళీ 2034లోనే కదప్పా. అప్పటికి నువ్వెక్కడో, నేనెక్కడో” అన్నాడు. ఇంక కాదనలేకపోయాను.

వానలు వెనుకపట్టిన శరత్కాలము. చిక్కమగళూరు నుండి కొండదారి కాఫీ తోటల మధ్యగా పోతుంది. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియపు తీగెలు, వాటి నీడలో కాఫీ మొక్కలు. 17వ శతాబ్దములో బాబా బుడాన్ అనే సూఫీ ఏడు కాఫీ గింజలు తెచ్చి నాటాడని చెప్పుకొనేది ఈ కొండలలోనే. సీతాళయ్యనగిరి దగ్గర జీపు దిగి, ముళ్ళయ్యనగిరి వైపు నడవసాగాము. కర్ణాటకలో అన్నిటికంటె ఎత్తయిన శిఖరమది, సుమారు 1,930 మీటర్లు. “మా గని లోతు 3 కిలోమీటర్ల పైమాటే. ఈ కొండ నాకొక లెక్కా?” అని నవ్వాడు. నిజమే. కాని దిగేటప్పుడు అతనికి 20 ఏండ్లు. ఎక్కేటప్పుడు 60 దాటాయి.

సగం దారిలో ఒక రాయిమీద కూలబడ్డాడు. ఊపిరి ఆడటం లేదు. కాసేపు ఆగాక, “నువ్వు పోయిరాప్పా. ఇంత దూరమొచ్చి పైకి పోకుండా ఎట్లా? నేనిక్కడే ఉంటాను” అన్నాడు. ఒక్కసారి కాదు, మూడుసార్లు అన్నాడు. నేను మొదటిసారికే లేవడానికి సిద్ధమయ్యానని ఇప్పుడు ఒప్పుకొంటున్నాను. “అరగంటలో వస్తాను” అని చెప్పి బయలుదేరాను.

పైన మెట్లెక్కి గుడి దగ్గరకు చేరేసరికి మంచు కమ్మింది. పది అడుగుల అవతల ఏమీ కనబడదు. ఇంకాసేపట్లో విడిపోతుందని నిలబడ్డాను. మళ్ళీ ఇంకాసేపు. మంచు విడలేదు. నా అరగంట మాత్రము గంటన్నర అయింది. దిగివచ్చి చూస్తే రాయిమీద అతడు లేడు. కేకలు వేశాను. బదులు లేదు. లోయ వైపు చూడటానికి ధైర్యము చాలలేదు.

చివరకు కింద టీ అంగడిలో కనబడ్డాడు. చలిగాలికి వణుకుతూ దగ్గుతున్న అతణ్ణి, పైకి వెళ్తున్న ఇద్దరు కాలేజీ కుర్రవాళ్ళు చూశారట. తమ ప్రయాణము ఆపుకొని, ఒక స్వెట్టరు తొడిగి, చెయ్యి పట్టుకొని మెల్లగా దింపుకొచ్చారు. వాళ్ళకు అతని భాష రాదు, పేరు తెలియదు. అతడు నన్ను ఒక్కమాట అనలేదు. “పైన బాగుండిందా?” అని అడిగాడు. ఆ ప్రశ్న ఇప్పటికీ నన్ను విడువలేదు.

ఆ రాత్రి బసలో, గనిలో తాను పాటించిన పద్ధతి ఒకటి చెప్పాడు. పని ముగిసి పైకి వచ్చేటప్పుడు తోడువాని దీపము కనబడకపోతే తాను బోనులోకి ఎక్కేవాడు కాడట. ఎవరూ రాసిపెట్టిన చట్టము కాదు. “వాడు ‘నువ్వు పో’ అన్నా పోయేవాణ్ణి కాదు” అన్నాడు. నన్ను ఎత్తిపొడవడానికి అనలేదు. అందుకే మరింత గట్టిగా తగిలింది.

ఇప్పుడు ప్రశ్నకు వద్దాము. బలము లేనివాడు “పోయిరా” అన్నప్పుడు, తన మూలంగా ఎదుటివాని సంతోషము పాడు కాకూడదని అంటాడు. అది అతని ప్రేమ. ఆ మాట నన్ను పంపవచ్చు గాని, నా బాధ్యతను తీసివేయలేదు. అనుమతి ఇచ్చినది అతడే అయినా, చలిగాలి వీస్తుందని, మంచు కమ్ముతుందని ఆలోచించవలసినవాణ్ణి నేనే. ఎందుకంటే కాళ్ళలో శక్తి ఉన్నది నాకు.

అయితే బలవంతుడు ఎప్పుడూ ఆగిపోవలసిందేనా అని మీరు అడుగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఒకరు ముందు నడవకపోతే మనము ఈ ఊళ్ళకు వచ్చి ఉండేవాళ్ళమే కాదు. మా తాత ఒక్కడే మొదట గనికి వచ్చాడు. కాని కుదురుకోగానే తమ్ములను పిలిపించాడు, అమ్మకు మనియార్డరు పంపాడు, వచ్చినవారికి తన గదిలోనే చాప పరిచాడు. ముందు పోవడము వేరు, విడిచిపోవడము వేరు. ముందు పోయినవాడు వెనక్కి చూస్తూ ఉంటాడు. నేను కొండమీద చేసిన తప్పు పైకి వెళ్ళడము కాదేమో. అరగంట దాటినా వెనక్కి తిరగకపోవడమే తప్పు.

భారతములో మహాప్రస్థాన కథ తెలుగువారందరూ ఎరిగినదే. ద్రౌపదీ తమ్ములూ ఒక్కొక్కరే కూలిపోతుంటే ధర్మరాజు ఆగక నడిచాడు. కాని చివరివరకు వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికైనా రానన్నాడు. ఆదికాండములో యాకోబు నడక మరొక విధము. అన్న ఏశావు కలిసి పోదాము రమ్మంటే, పిల్లలూ పాలిచ్చే పశువులూ నడవగలిగినంత మెల్లగానే వస్తానన్నాడు. తోడున్నవారిని ఏమి చేయాలన్న ప్రశ్న ఈ రెండు ప్రయాణాలలోనూ ఉన్నది. నాకు మాత్రము ఆ కొండమీద యాకోబు లెక్కే కావలసి ఉండింది. నడక వేగమును నిర్ణయించవలసినది అందరికంటె మెల్లగా నడిచేవాడు.

ఇది కొండలకు మాత్రమే సంబంధించిన మాట కాదు. మన పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు దూరదేశాలు పోతున్నారు. ముసలి తల్లిదండ్రులు వాకిట నిలబడి “మా గురించి ఏమీ పెట్టుకోవద్దు, నువ్వు పోయిరా నాయనా” అంటారు. పిల్లలు పోవలసిందే. కాని ఆ మాటలో చివరి అక్షరము ‘రా’ అని మరచిపోకూడదు.

మరునాడు ఉదయము ఎండ కాసింది. మళ్ళీ జీపులో సీతాళయ్యనగిరి వరకు పోయి, శిఖరము వైపు చూడకుండా, చదునుగా ఉన్న దారిలో అతని అడుగులో అడుగు వేస్తూ నడిచాము. పది అడుగులకొకసారి ఆగాము. ఆగినచోటల్లా కొండవాలు నిండా నీలి పువ్వులే. ముందురోజు తొందరలో ఆ పువ్వుల పక్కనుండే నేను పోయాను. చూడలేదు.

“2034లో మళ్ళీ వద్దామా?” అని అడిగాను. వేళ్ళమీద లెక్కపెట్టుకొని, “జీపు ఇంకొంచెం ముందుకు పోతే వస్తాను” అన్నాడు. పోకపోతే, జీపు ఎక్కడ ఆగితే అక్కడే ఇద్దరమూ కూర్చుంటాము.