పదునెనిమిదేండ్ల గడప

'నీక్యాప్' అను చలనచిత్రము జ్ఞానస్నానముతో ఆరంభమగును. దేవాలయమున గాక అడవిలో, పూర్వము కాథలిక్కుల ఆరాధనను శాసనములు అణచివేసిన కాలమున గురువులు చాటుగా దివ్యపూజ సలిపిన శిలయొద్ద, తల్లిదండ్రులు తమ పసికందు నుదుట నీరు పోయించుచుండగా, పైనుండి బ్రిటిష్ సైన్యపు హెలికాప్టరు దీపము వేసి, ఈ గుంపు ఏ కుట్ర పన్నుచున్నదో యని వెదకును. ఆ శిశువునకు దేవుడెవరో తెలియదు, సైన్యమేదో తెలియదు; అయినను మతము వానికి తనయందలి ప్రథమసంస్కారము నొసగుటకు వెనుదీయలేదు, రాజ్యము వానిపై తన అనుమానమును ప్రసరింపజేయుటకును వెనుదీయలేదు. ఇదే చిత్రమునకు బ్రిటన్‌లోని వర్గీకరణ సంస్థ 18 అను అంకె వేసినది. అనగా అన్ని యేండ్లు నిండనివాడు దీనికై సినిమాహాలు గడప తొక్కరాదు. ఏమియు నెరుగనివానికి సంస్కారము తగునని యొకరును, చాలవరకు ఎరిగినవానికి దృశ్యము తగదని వేరొకరును నిర్ణయించుచుండగా, మనుష్యుడు దేనికి ఎప్పుడు తగినవాడగును, ఆ తగుటను కొలుచువాడెవడు, కొలుచునది దేనితో అను ప్రశ్న సినిమా పుట్టుకకు బహుపూర్వమునుండియు మతములను వేధించుచున్న ప్రశ్నయే గాని క్రొత్తది కాదు.

చిత్రమునుగూర్చి కొంత చెప్పవలెను. బెల్‌ఫాస్ట్ నగరపు ర్యాప్ గాయకులు ముగ్గురు, మో ఖారా, మోగ్లీ బాప్, డీజే ప్రోవీ అను రంగనామములతో ప్రసిద్ధులు, తమ కథకు కొంత కల్పన జోడించి తమ పాత్రలను తామే ధరించిరి. దర్శకుడు రిచ్ పెపియాట్. 2024 జనవరిలో సన్‌డాన్స్ చిత్రోత్సవమున ప్రదర్శింపబడెను. ఐరిష్ భాషాచిత్రమొకటి ఆ వేదిక నెక్కుట అదియే మొదలు. పోలీసులు పట్టుకొన్న యొక యువకుడు ఇంగ్లీషున నోరు విప్పనని భీష్మించుకొని కూర్చుండగా, దుబాసీగా పిలువబడిన సంగీతపు పంతులు వాని నోటుపుస్తకములోని పద్యములను చూచి ముగ్ధుడగును. జట్టు అట్లు కుదురును. ఆ పద్యములలో ఉన్నవి మాదకద్రవ్యములు, బూతులు, పోలీసులపై ఎకసెక్కెము. అమెరికాలో దీనికి 'ఆర్' ముద్ర పడినది. అనగా 17 ఏండ్ల లోపువారు తల్లిదండ్రులో పెద్దవారెవరో వెంట నున్నచో చూడవచ్చును. ఆ ముద్రకు అచ్చటివారు చెప్పిన కారణములు మాదకద్రవ్యముల వాడుక, భాష, లైంగిక దృశ్యములు, నగ్నత, కొంత హింస. ఈ పట్టికను ఇంటికి దినుసులు తెచ్చు చీటీవలె చదివినవానికి చిత్రము దేనినిగూర్చియో ఒక్కముక్కయు తెలియదు.

ఇట్టి కొలతలు ఎచ్చటనుండి వచ్చినవి? ఐర్లండు స్వతంత్రరాజ్యమైన వెనుక చేసికొన్న తొలి శాసనములలో 1923 నాటి చలనచిత్ర నియంత్రణ శాసన మొకటి. అసభ్యము, అశ్లీలము, దైవదూషణము అనునవి నిషేధమునకు హేతువులు. మొదటి నియంత్రకుడైన జేమ్స్ మాంట్‌గొమరీ, సినిమాలనుగూర్చి తన కంతగా తెలియకున్నను మోషే పది ఆజ్ఞలు తెలియునని చెప్పుకొన్నవాడుగా ప్రసిద్ధుడు. నేడు ఆ మాట విని నవ్వుదురు. నేనును నవ్వితిని గాని, ఆ నవ్వు వెనుక కొంత అసూయయు కలదు. ఏలన ఆయనకు తన కొలమానము పేరు తెలియును, దానిని ఎదిరించువానికిని తాను ఎదిరించుచున్నది దేనినో తెలియును. బ్రిటిష్ సంస్థయో, 1912లో పుట్టి, 1984లో తన పేరునుండి 'నియంత్రణ'ను తొలగించి 'వర్గీకరణ'ను పెట్టుకొని, ఇప్పుడు కొన్నియేండ్ల కొకపర్యాయము ప్రజాభిప్రాయము సేకరించి తన సూత్రములను దిద్దుకొనుచుండును. 2024 సూత్రములకు ముందు సుమారు 12,000 మందిని విచారించి, గంజాయి దృశ్యములయెడ జనుల పట్టు కొంత సడలినదని గ్రహించి తదనుగుణముగా మార్చుకొన్నది. ఇది సౌమ్యమైన పద్ధతి, ప్రజాస్వామ్యమునకు తగిన పద్ధతి. దీనిని నేను నిందింపను. కాని పాపపుణ్యములు అయిదేండ్ల కొకసారి సవరింపబడునప్పుడు వానిని పాపపుణ్యములని పిలుచుట తగదు. అవి ఆ కాలపు సంకోచములు మాత్రమే.

ఇందులకు మతమే మేలని చెప్పుటకు నేను త్వరపడను. ఐర్లండు కాథలిక్కు సమాజములో వయస్సును కొలుచు మెట్లు మతమే కట్టియుంచినది. 1910లో పదవ భక్తినాథ పోపు జారీచేసిన ఉత్తరువు, మంచిచెడ్డల వివేకము సుమారు ఏడవ యేట కలుగునని నిశ్చయించి, దివ్యసత్ప్రసాదమునకు పిల్లలను అంతకంటె పెద్దయగువరకు ఆపరాదని శాసించెను. పండ్రెండవ యేటి ప్రాంతమున భద్రమైన అభ్యంగనము పొందునాడు, పదునెనిమిదేండ్లు నిండువరకు మద్యము ముట్టనని బాలబాలికలచేత ప్రమాణము చేయించుట ఆ దేశమున చిరకాలము సాగిన ఆచారము. 1898లో జేమ్స్ కల్లెన్ అను ఏసుసభ గురువు డబ్లిన్ నగరమున స్థాపించిన మద్యవర్జన సంఘపు ప్రభావము దానియందు మెండు. సినిమాహాలు తలుపుపై నున్న 18 అను అంకెయు ఆ ప్రమాణమునందలి 18 అను అంకెయు ఒక్కటే. అయినను భేదము గొప్పది. ప్రమాణమున బాలుడు తానే నోరు తెరచి, తల్లిదండ్రులయెదుట, తన్ను తాను కట్టుకొనుచున్నాడు. టిక్కెట్టు కిటికీయొద్ద వానిని మరియొకడు కట్టుచున్నాడు. పండ్రెండేండ్లవానికి తానేమి వదలుకొనుచున్నాడో తెలియునా యని అడుగవచ్చును. చాలమంది ఆ ప్రమాణమును నిలుపుకొనలేదనియు లోకమెరుగును. తప్పుటకైనను ముందొక మాట ఇచ్చి యుండవలెను గదా!

మన వేదాంతులు ఈ చిక్కును వేరొక మార్గమున విప్పజూచిరి. ఏ శాస్త్రమునకైనను అధికారి యెవడని మొదట విచారించి, వివేకము, వైరాగ్యము, శమదమాదులు, ముముక్షుత్వము అను లక్షణములు చెప్పిరే గాని ఇన్నియేండ్లవాడని చెప్పలేదు. కఠోపనిషత్తునందలి నచికేతుడు బాలుడే. మృత్యువు వెనుక ఏమున్నదని వాడు అడుగగా, యముడు వెంటనే చెప్పక, దేవతలకే సందేహము తీరని విషయమిది, వేరు వరము కోరుకొమ్మని వారించెను. ఏనుగులను, గుఱ్ఱములను, దీర్ఘాయువును, తుదకు రథములతోడను వాద్యములతోడను కూడిన అప్సరసలను చూపి మరలింప జూచెను. (ఆ ఘట్టమును నేడు తెరకెక్కించినచో నచికేతుని ప్రశ్నకంటె ముందు అప్సరసలకే 'ఏ' ముద్ర పడును.) యముడు పలికినది హెచ్చరికయే, సందేహము లేదు. అయినను ఆ హెచ్చరిక వినువాని యోగ్యతను పరీక్షించు సాధనమైనది. వాడు వెనుకకు పోయిన అధికారి కాడు, నిలచిన అధికారి. హెచ్చరించువాడే బోధించువాడగుట, ఇంతసేపు వారించిన నోటితోనే తుదకు సమాధానము చెప్పుట, ఆ కథలోని సౌష్ఠవము. నేటి హెచ్చరికకు ఆ రెండవ భాగము లేదు. అది తలుపుపై అంటింపబడియుండును, లోపలికి రాదు.

హెచ్చరిక యొక ఆకర్షణయు నగునన్న మాట అందరును అనునదే కావున దానిని వదలుదును. నాకు ముఖ్యముగా తోచినది అలీపియసు కథ. పునీత అగస్టీను తన ఆత్మకథలో ఈ మిత్రుని వృత్తాంతము చెప్పెను. కత్తిపోరు క్రీడలను ఏవగించుకొను ఆ యువకుని మిత్రులు బలవంతముగా రోము నగరపు క్రీడాంగణమునకు ఈడ్చుకొనిపోగా, శరీరమే ఇచ్చటనుండును గాని మనస్సు ఉండదని చెప్పి కన్నులు గట్టిగా మూసికొని కూర్చుండెను. ఇంతలో ఒకడు పడిపోవుటతో జనసమూహము చేసిన ఘోష చెవిని సోకి, కుతూహలము నాపుకొనలేక కన్ను విప్పెను. విప్పినంతనే ఆ క్రౌర్యమును త్రావి మత్తిల్లెను. వాని పతనమునకు హేతువు దృశ్యము కాదు, తన ధైర్యముపై వానికున్న అతివిశ్వాసమని అగస్టీను తీర్పు. అలీపియసు పసివాడు కాడు. ఏ వయఃపరిమితియు వానిని రక్షించియుండదు. క్రీడాంగణమున ఏమి చూపబడునో వానికి ముందే తెలియును. కనుక విషయసూచికయు రక్షించియుండదు. తన్నుగూర్చి తన కేమి తెలియదో చెప్పగల హెచ్చరికయే వానికి కావలసియుండెను, అట్టిదానిని ఏ సంస్థయు ముద్రింపజాలదు.

తిరిగి చిత్రమునకు వత్తును. ఇందు మాదకద్రవ్యములు హాస్యరసమునకు విభావములైనవి. పెద్దలను కలవరపెట్టునది నిజముగా ఇదియే. అదే పొడిని పీల్చి ఒకడు చచ్చినట్లు చూపిన యెడల దానిని నీతిబోధ యందురు. పీల్చి నవ్వినట్లు చూపుటచే ప్రేరణ యనుచున్నారు. ఈ ఆక్షేపణలో సారము లేకపోలేదు, పదునాలుగేండ్ల పిల్లవానికి ఆ నవ్వు చూపుటకు నేనును జంకుదును. అయితే చిత్రమునందే ఇట్టి ఆక్షేపకులు ఉన్నారన్నది గమనింపవలసిన విశేషము: మాదకద్రవ్యములను నిర్మూలింతుమని బయలుదేరిన సాయుధముఠా యొకటి ఈ గాయకుల వెంటబడి, నీతిని తుపాకితో నేర్పజూచును. ఇక చిత్రములో నిజముగా గాయపరచునది ఏ పట్టికలోను లేదు. మైకేల్ ఫాస్‌బెండర్ ధరించిన ఆర్లో, గాయకులలో నొకని తండ్రి, కొడుకునకు భాషాభిమానము నూరిపోసి, పోలీసులనుండి తప్పించుకొనుటకై తాను చచ్చినట్లు నమ్మించి, సముద్రతీరమున యోగము నేర్పుచు బ్రతుకుచుండును; తల్లి యేండ్ల తరబడి ఇల్లు కదలదు. బ్రతికియుండి చచ్చిన తండ్రికి, తలుపు వెనుక మిగిలిన తల్లికి ఏ అంకె వేయుదురు? మోతాదు కొలువదగిన వస్తువులకే హెచ్చరికలు అమరును. పరిత్యాగమునకు మోతాదు లేదు.

ఈ జట్టు మొదట ఎదుర్కొన్న నిషేధమును చేసినది బ్రిటిష్ ప్రభుత్వము కాదన్నది ఇచ్చట చెప్పదగిన మాట. 2017లో వెలువడిన వారి తొలి పాటను, అందలి మత్తుపదార్థముల ప్రస్తావనకును బూతులకును గాను, ఐరిష్ భాషకై 1972 నుండి నడచుచున్న ఐర్లండు జాతీయ రేడియో కేంద్రమే ప్రసారమునుండి తొలగించెను. ఆ కేంద్రమువారి తప్పు నేనెంచను. వారి శ్రోతలలో వృద్ధులు, భక్తులు, మారుమూల తీరగ్రామములవారు మెండు. కాని ఇందు ఒక మతభావన దాగియున్నది. న్యాయస్థానములలో ఇంగ్లీషు తప్ప అన్యభాష కూడదని 1737లో శాసింపబడి, కరవులకును వలసలకును బలియైన భాష, మిగిలినవారి హృదయములలో అమరవీరుల అస్థికలవలె పూజ్యమైనది. అస్థికలను పెట్టెలో నుంచి మ్రొక్కుదురు, వానితో వీథిలో ఆడుకొనరు. ఈ జట్టులోని కుఱ్ఱవాండ్రు పెట్టె తెరచి, ఆ భాషలో మత్తుమందు బేరమాడి, ప్రణయమాడి, కల్లలాడిరి. అపచారమని కొందరికి తోచుట సహజము. నాకు మాత్రము, ప్రార్థనకు మాత్రమే తగిన భాష క్రమముగా ప్రార్థనకును తగకుండ పోవునని తోచుచున్నది. ఏలన దేవునికి చెప్పుకొనదగిన పాపములు ఆ భాషలో జరుగుట మానివేయును.

బెల్‌ఫాస్ట్ నగరమున 1971లో తొమ్మండుగురు పిల్లలతో ఐరిష్ మాధ్యమ ప్రాథమిక పాఠశాల మొదలైనది. ఇండ్లు తామే కట్టుకొని, ఆ భాషే మాటలాడుకొనవలెనని నిశ్చయించుకొన్న కొలది కుటుంబములు దానిని నిలిపినవి. ప్రభుత్వద్రవ్యము 1984 వరకు అందలేదు. అట్టి బడులలో నేడు చదువుచున్నవారికి ఈ చిత్రమునందలి సంభాషణ అడుగున ఇంగ్లీషు అక్షరములు లేకయే తెలియును. ఆ అక్షరములపై ఆధారపడి చూచు లండను ప్రేక్షకునికంటె వారికి ఇది దగ్గరిది. అయినను బ్రిటిష్ నియమముప్రకారము హాలులోనికి లండను ప్రేక్షకుడు పోవును, వారు పోరాదు. పదేండ్లవానిని ఆపుట న్యాయమే, అందు నాకు వివాదము లేదు. పదునాఱేండ్ల కూతురిని వెంటబెట్టుకొని వచ్చి, ఈ నవ్వు ఎచ్చటిదాక నవ్వు, ఎచ్చట నవ్వు కాదు అని ఇంటికి పోవు త్రోవలో ఆమెతో వాదింప సిద్ధపడిన తండ్రిని గూడ గడపయొద్దనే ఆపుట న్యాయమని నాకు తోచదు. అమెరికావారి 'ఆర్' ముద్ర ఈ తండ్రిని లోనికి పోనిచ్చును; ఇతర విషయములలో వారి వర్గీకరణపై నాకు గౌరవము తక్కువయైనను, ఈ యొక్క చోట వారు వారించువానిని బోధించువానితోగూడ లోపలికి పంపిరి. ఆ తండ్రి సరిగా బోధించునా, లేక ఆర్లోవలె ఆవేశము నూరిపోసి అంతర్ధానమగునా అన్నది టిక్కెట్టు కిటికీయందు కూర్చున్నవాడు తేల్చు విషయము కాదు.