మధ్యలో ఆగిపోతే మొక్కు తీరినట్టేనా?

ఈసారి పురాణ కథ కాదు, నా మీద నాకే వచ్చిన ఒక అనుమానం మీతో చెప్పుకుంటున్నా.

మాది ఆళ్లగడ్డ. నాన్న ఆపరేషన్ బాగా జరిగితే సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తానని అప్పన్నకు మొక్కుకున్నా. ఇంటి పక్కనే అహోబిలం ఉండగా అంత దూరం ఎందుకంటే, అప్పుడు నా ఉద్యోగం విశాఖలో. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడవాలి. హనుమంతవాక దాటి అప్పుఘర్ దగ్గర సముద్రం ఒడ్డుకు చేరి, సీతమ్మధార, మాధవధార మీదుగా మళ్లీ కొండ కిందికి రావాలి.

అప్పుఘర్ దగ్గర ఒక మామ్మ ఫుట్‌పాత్ మీద కూలబడి ఉంది. తోటివాళ్ల నుంచి తప్పిపోయింది. కాళ్లు బొబ్బలెక్కాయి. "నావల్ల కాదు బాబూ, నువ్వెళ్లు" అంది. వెళ్లలేకపోయా. ఆమె దగ్గరున్న నంబరుకు ఫోన్ చేశా. కొడుకు వచ్చేసరికి తెల్లారిపోయింది. నా కాళ్లు కూడా బిగుసుకుపోయాయి. నడక అక్కడే ఆపేసి రూమ్‌కి వెళ్లిపోయా.

సాఫ్ట్‌వేర్‌లో పని పూర్తయిందా లేదా అన్నదే లెక్క. ఆ లెక్కన నా మొక్కు తీరలేదు. అంతకంటే బాధపెట్టింది ఇంకోటి. ఆమె పక్కన కూర్చున్నప్పుడు, హమ్మయ్య, ఇక నడవక్కర్లేదని లోపల ఒక సుఖం. సాయం చేశానా, సాకు దొరికించుకున్నానా?

ఇంటికెళ్లి నాన్నకు చెప్పా. ఆయన అహోబిలం పార్వేట గుర్తు చేశారు. కనుమ నాడు స్వామి పల్లకిలో బయల్దేరి, తన పెళ్లికి రమ్మని పిలవడానికి నెలన్నర పాటు ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతాడు. పల్లకి ఆగే చోటుని తెలుపు అంటారు. "ఊరూరా ఆగుకుంటానే పోతాడు కదరా స్వామి! తెలుపు కాడ ఆగితే పార్వేట ఆగిపోయినట్టా?" అన్నారు.

మంచి మాట. కానీ ఇంకో సగం నాకు తర్వాత తట్టింది. తెలుపు దగ్గర ఆగిన పల్లకి మళ్లీ లేస్తుంది. నేను లేవలేదు. మామ్మ కోసం ఆగడం తప్పు కాదు. కొడుకు వచ్చి తీసుకెళ్లాక కూడా ఆమె పేరు చెప్పి ఆగిపోవడమే తప్పు. లోపల సుఖం కలిగినంత మాత్రాన చేసిన సాయం అబద్ధం అయిపోదు. అలాగని ఆ సాయం మొక్కుకి బదులూ కాదు. రెండిటికీ వేర్వేరు ఖాతాలు.

అందుకే వచ్చే ఆషాఢంలో మళ్లీ తొలి పావంచా నుంచే మొదలుపెడతా. దారిలో ఎవరైనా కూలబడితే మళ్లీ ఆగుతా. ఈసారి వాళ్లని పంపించాక లేచి నడుస్తా.

మీకూ ఇలా మధ్యలో ఆగిన మొక్కు ఉంటే కింద రాయండి. ఓం నమో నారసింహాయ.