యూదా విడిచిన స్థానం

డబ్బు సంచి మోసిన యూదా పోయాక అపోస్తలులు అతని స్థానాన్ని గుట్టుగా పూరించలేదు. సుమారు 120 మంది విశ్వాసుల నడుమ పేతురు లేచి విషయం చెప్పాడు. చీట్లు వేయగా మత్తీయ పేరు వచ్చింది. ఎవరు వెళ్లారో, ఎవరు వచ్చారో అందరికీ తెలిసింది.

మన విచారణల్లో పేదపిల్లల చదువుకో, వృద్ధుల పోషణకో పెట్టిన ట్రస్టులున్నాయి. ధర్మకర్త మరణిస్తే ఆత్మశాంతికి పూజ చెప్పిస్తాం. ఆదాయపు పన్ను శాఖ దగ్గర మాత్రం ఆయన ఇంకా బ్రతికే ఉంటాడు! అక్కడ ఆయన సెల్ నంబరే ఉంటే ఓటీపీ ఆ మూగబోయిన ఫోనుకే వెళుతుంది. రిటర్ను గడువు దాటితే పన్ను మినహాయింపుకు ముప్పు రావచ్చు. అప్పుడు కోత పడేది పిల్లల ఫీజుకే.

ట్రస్టు పాన్ నంబరు మారదు, నిజమే. మారేది సంతకం చేసే మనిషి. కాబట్టి ట్రస్టు పత్రం చెప్పిన పద్ధతిలో తీర్మానం రాయించి, పన్ను శాఖ వెబ్‌సైటులో కొత్త ధర్మకర్త వివరాలు ఎక్కించండి. బ్యాంకులోనూ మార్పించండి. ఇది లోకవ్యవహారమంటూ స్వాములవారి మీదికి నెట్టకండి. 1983 నాటి శ్రీసభ చట్టసంహితలోని 1284వ నిబంధన, ఆస్తి చూసేవారు దేశ చట్టాన్నీ పాటించాలంటోంది. మీ ట్రస్టు కాగితాల్లో ఎవరి పేరుందో ఈ ఆదివారం పూజ తర్వాత అడిగి చూడండి.